వదిన ముక్కు – అన్నయ్య పడవ

వాసన విషయంలో మగవాళ్ళతో వాదించి లాభం లేదు. "ఏదో మాడిన వాసనొస్తోందండీ" అంటే, "నాకేం రావడం లేదే" అని పేపరు తిరగేస్తారు. వాళ్ళకి రాకపోతే అది లేనట్టే. అదే వాళ్ళకి వినబడిన చప్పుడు మనకి వినబడకపోతే మాత్రం మన చెవులు పాడైపోయినట్టు లెక్క. కారులో ఎక్కడో "టిక్కు టిక్కు"మంటోందని నడిరోడ్డు మీద ఆపి బానెట్టు ఎత్తే మహానుభావుడికి, తన పక్కనే పొయ్యి మీద పాలు మాడిపోతున్న సంగతి భార్య పెరట్లోంచి పరుగెత్తుకొస్తే గానీ తెలియదు.

మన ముక్కులు ఇంత పదునెక్కడానికి కారణం గ్యాసు సిలిండరనుకుంటాను. ఆ గ్యాసుకి స్వతహాగా వాసన లేదు. కారితే మనకి తెలియాలని ఇథైల్ మెర్కాప్టన్ అనే కంపు సరుకు కావాలనే కలుపుతారు. పైగా అది గాలి కన్నా బరువు. పొగలా పైకి పోదు. నీళ్ళలా కిందికి దిగి, గచ్చు మీద పరుచుకుని, అగ్గిపుల్ల కోసమో స్విచ్చి కోసమో కాచుక్కూర్చుంటుంది. వాసన తగిలితే లైటు వెయ్యకూడదనీ, తలుపులు బార్లా తీయాలనీ మనలో తెలియనిదెవరికి?

మా వదినకైతే మరీ తెలుసు. అమెరికా వెళ్ళి ముప్పయ్యేళ్ళు దాటింది. వాళ్ళింట్లో ఉన్నది కరెంటు పొయ్యి. అయినా రాత్రి పడుకోబోయే ముందు వంటింట్లోకి వెళ్ళి ఒకసారి గట్టిగా గాలి పీల్చి గానీ పక్క ఎక్కదు. ఆ ముక్కు మూలంగా మా అన్నయ్య పడవకి ఇంజన్లే మారిపోయాయి. ఆ వైనం చెబుదామనే ఈ నాలుగు ముక్కలూ.

అన్నయ్య వాళ్ళుండేది మేరీలాండులో, చెసపీక్ అఖాతానికి దగ్గర్లో. అది ఉత్తర దక్షిణాలుగా మూడు వందల కిలోమీటర్ల పైన పొడుగు. లోతు మాత్రం సగటున ఏడు మీటర్లు కూడా ఉండదు. ఒడ్డు పొడుగునా ఏళ్ళూ, పాయలూ, రెల్లు దుబ్బులూ. మొదటిసారి చూసినప్పుడు నాకు అంతర్వేది దగ్గర గోదారి సముద్రంలో కలిసే చోటు గుర్తొచ్చింది. అన్నయ్యకి ఎప్పుడో గుర్తొచ్చి ఉంటుంది. 2016లో ఒక పాత మోటారు పడవ కొని దానికి "వశిష్ఠ" అని పేరు పెట్టుకున్నాడు. అక్కడివాళ్ళ నోట అది "వసీస్టా" అవుతుంది. అన్నయ్య పట్టించుకోడు.

అది 1984లో కట్టిన పడవ. పొడుగు 34 అడుగులు. లోపల కూర్చునే గది, చిన్న వంటగది, ముందువైపు పడక, నిలబడి స్నానం చేసేంత చోటు... బొమ్మరిల్లులా ముచ్చటగా ఉంటుంది. కూర్చునే గదిలో తివాసీ ఎత్తితే చెక్క మూతలు. ఆ మూతల కింద రెండు పెట్రోలు ఇంజన్లు. ఒక్కొక్కటి 270 గుర్రాల శక్తి. అంటే సోఫాలో కూర్చుని కాఫీ తాగుతున్నామంటే 540 గుర్రాల నెత్తిన కూర్చున్నామన్నమాట!

వాటి పరుగు చూడాలి. అన్నయ్య ముందుకి తోసేసరికి పడవ ముక్కు పైకి లేస్తుంది, వెనక నీళ్ళు తెల్లగా చీలిపోతాయి, ఆ తర్వాత పడవ నీళ్ళలోంచి లేచి నీళ్ళ మీదకి ఎక్కుతుంది. పద్ధెనిమిది నాట్లు. అంటే గంటకి 33 కిలోమీటర్లు. రోడ్డు మీద అదేం వేగం అంటారు గానీ, నీళ్ళ మీద అది ఎగరడమే. ఆ క్షణంలో అన్నయ్య మొహం పదమూడేళ్ళ కుర్రాడి మొహంలా ఉంటుంది.

పదమూడేళ్ళని ఊరికే అనలేదు. మా ఊరు సఖినేటిపల్లి వైపు, ఆస్పత్రి ఆవలి ఒడ్డున నర్సాపురంలో, మధ్యన వశిష్ఠ గోదావరి. 1980లో ఒక అర్ధరాత్రి అమ్మకి నొప్పులొచ్చాయి. ఆ వేళప్పుడు పంటు లేదు. నాన్న ఎవర్నో లేపి తెడ్ల పడవ కట్టించాడు. పోటు ఎదురు తిరిగి, ఏరు దాటడానికి ముప్పావు గంట పట్టిందట. ఆ ముప్పావు గంటా అమ్మ తల అన్నయ్య ఒళ్ళో ఉంది. అవతలి గట్టు మీద దీపం ఎంతకీ దగ్గరకి రాలేదని ఇప్పటికీ అంటాడు. అమ్మ గట్టెక్కింది, నేనూ పుట్టాను. కానీ వేగంగా వెళ్ళని పడవ అంటే అన్నయ్యకి ఆ రాత్రి నుంచీ పడదు.

ఇంతకీ పెట్రోలు దగ్గరకి వద్దాం. పెట్రోలు ఆవిరి కూడా గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు. కారులో ఎక్కడైనా కారిందనుకోండి, అది కింద రోడ్డు మీదకి జారి గాల్లో కలిసిపోతుంది. కారుకి అడుగు లేదు కదా! పడవ అలా కాదు. పడవంటే అడుగున చిల్లు లేని గిన్నె. చిల్లు ఉండకూడదు కూడానూ. అందుకని కారినదంతా ఆ గిన్నె అడుగుకి, అంటే సరిగ్గా ఇంజన్లూ, బ్యాటరీలూ, వైర్లూ ఉండే చోటుకి చేరుతుంది. గాలిలో నూటికి ఒకటిన్నర పాళ్ళు పెట్రోలు ఆవిరి కలిస్తే చాలట, ఒక్క నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది.

అందుకే పెట్రోలు పడవలకి బోలెడు మడీ ఆచారం. ఇంజను గదిలో పెట్టే మోటార్లు, స్విచ్చిలు రవ్వ బయటికి పొక్కనివ్వని రకంవే అయి ఉండాలి. కారు సామాను చవగ్గా దొరుకుతుంది కదా అని తెచ్చి బిగించకూడదు. అడుగున ఉన్న గాలిని తోడి బయటకి ఊదే ఫ్యాను ఒకటి ఉంటుంది. ఇంజను స్టార్టు చేసే ముందు నాలుగు నిమిషాలు ఆ ఫ్యాను తిప్పాలనీ, తర్వాత అడుగున వాసన ఉందేమో చూసుకోవాలనీ అమెరికా ప్రభుత్వం వారి హెచ్చరిక పట్టీ స్టీరింగు దగ్గరే అంటించి ఉంటుంది. అంటే సాక్షాత్తూ ప్రభుత్వం వారే ముక్కుని నమ్ముకోమన్నారన్నమాట. వశిష్ఠ విషయంలో ఆ ముక్కు వదినది. అన్నయ్య ఫ్యాను తిప్పుతాడు, వదిన మూత ఎత్తి వంగి వాసన చూస్తుంది, "ఊఁ" అంటుంది. అప్పుడు తాళం తిరుగుతుంది.

ఒకసారి అన్నయ్య అమెరికా అధ్యక్షుడు కెనెడీ కథ చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధంలో కుర్ర కెనెడీ నడిపిన పీటీ-109 అనే యుద్ధపు పడవని 1943 ఆగస్టు 2 తెల్లవారుజామున సాలమన్ దీవుల దగ్గర జపాను ఓడ ఒకటి గుద్ది రెండు ముక్కలు చేసింది. గాయపడిన తోటివాడి లైఫుజాకెట్టు పట్టీని పళ్ళతో పట్టుకుని కెనెడీ గంటల తరబడి ఈదాడు... అని అన్నయ్య ఆవేశంగా చెబుతుంటే వదిన అంతా విని, "ఆ పడవలో ఏం పోసేవారు?" అనడిగింది. "పెట్రోలు. మూడు ఇంజన్లు. ఆ రకం పడవలకి పదకొండు వేల లీటర్ల పైన పట్టేది" అన్నాడు అన్నయ్య గొప్పగా. "మరి నిప్పంటుకోలేదూ?" అన్నయ్య కాస్త తగ్గి, అంటుకుందని ఒప్పుకున్నాడు. నీళ్ళ మీద పెట్రోలు తేలి మండింది. పదముగ్గురిలో ఇద్దరు పోయారు. "అప్పట్లో జర్మనీవాళ్ళ పడవలు డీజిలు మీద నడిచేవనుకో" అని నోరు జారాడు. వదిన ఆ మాట మనసులో మూట కట్టుకుంది.

2022 జులైలో నేను అక్కడ ఉన్నాను. ఒక శనివారం అన్నయ్య స్నేహితుల కుటుంబాలు రెండు వచ్చాయి. ఐదుగురు పిల్లలు. పులిహోర, దద్ధోజనం, పెద్ద పుచ్చకాయ. రేవులో పెట్రోలు పోయించుకున్నాక ఫ్యాను నాలుగు నిమిషాలు కాదు, ఆరు నిమిషాలు తిరిగింది. వదిన మూత ఎత్తి వంగింది. లేచి, "వద్దండీ" అంది.

"పోయించుకున్న వాసనే అది. తిరిగింది కదా ఫ్యాను!" అన్నాడు అన్నయ్య. స్నేహితులు కూడా, "మాకేం రావడం లేదండీ చెల్లెమ్మగారూ" అన్నారు. చెప్పానుగా, మగవాళ్ళని!

వదిన మాట్లాడలేదు. తాళం తీసి హ్యాండుబ్యాగులో వేసుకుంది. ఐదుగురు పిల్లల్నీ ఒక్కొక్కళ్ళనీ చెయ్యి పట్టి గట్టు మీదకి దింపింది. నన్నూ దింపింది. నలుగురిలో అన్నయ్య మొహం ఎర్రబడింది. అరగంటకి పడవల షెడ్డు నుంచి ఒక ముసలి మెకానిక్కు వచ్చి టార్చిలైటుతో లోపలికి దిగాడు. ఎడమ ఇంజనుకి వెళ్ళే రబ్బరు గొట్టం వయసు మీద పడి పెళుసెక్కి, బిగింపు దగ్గర చిట్లి ఉంది. ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాల్ ఆ కాలం నాటి రబ్బరుకి సరిపడదని చెప్పాడు. అడుగున ఒక కప్పుడు పెట్రోలు చేరి ఉంది. ఆ కప్పుడు ఆవిరయితే ఆ ఇంజను గది నిండడానికి చాలునట. ఆయన పైకి వచ్చి, చేతులు తుడుచుకుని, "ఎవరు పట్టారు?" అనడిగాడు. వదిన వైపు చూపించాం. టోపీ తీసి ఆవిడకి తల వంచాడు.

గట్టు మీద పిల్లలు పుచ్చకాయ తింటున్నారు. అన్నయ్య వాళ్ళని లెక్కపెట్టడం నేను చూశాను. ఐదుగురూ ఉన్నారు. మళ్ళీ లెక్కపెట్టాడు.

గొట్టాలన్నీ మార్పించాడు. కానీ వదిన ఆ పడవ ఎక్కడం మానేసింది. "గొట్టం మార్చారు సరే, నా ప్రాణం ఎవరు మారుస్తారు?" అంది. పైగా మరొకటి చదివి పెట్టుకుంది. పెట్రోలు ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు ఎక్కువ. దానికి రంగూ లేదు, వాసనా లేదు. గాలివాటున వెనక నుంచి గదిలోకి తిరగబడితే నిద్రలోనే ప్రాణం పోతుంది. డీజిలు పొగలో అది చాలా తక్కువట. "పెట్రోలైతే నా ముక్కు పడుతుంది అమ్మాయీ. దీన్ని ఏ ముక్కు పడుతుంది?" అని నన్నడిగింది. దాన్ని పట్టే యంత్రం పడవలో ఉందని అన్నయ్య అంటాడు. ఉంది. కానీ భయానికి యంత్రం చూపిస్తే భయం పోతుందా?

ఆ ఏడూ, మరుసటేడూ అన్నయ్య ఒక్కడే శనివారాలు రేవుకి వెళ్ళి, పడవ తుడుచుకుని, కట్టుతాళ్ళు విప్పకుండానే అందులో కూర్చుని వచ్చేవాడు. వాళ్ళిద్దరి ఫోన్లూ నాకు విడివిడిగా వచ్చేవి. అన్నయ్య పడవ గురించి మాట్లాడేవాడు కాదు. వదిన అన్నయ్య గురించే మాట్లాడేది.

చివరికి డీజిలు మాట ఎత్తింది వదినే. అన్నయ్య లెక్క కట్టి నాకు చదివి వినిపించాడు. పెట్రోలుతో ఆ పరుగుకి గంటకి 90 లీటర్లు. అంతే శక్తిగల డీజిలు ఇంజన్లకైతే 60 లీటర్లు. ఏడాదికి మహా అయితే అరవై గంటలు తిరుగుతాడు. రేట్ల తేడాలు పోను ఏటా మిగిలేది రెండు వేల డాలర్లు. రెండు పెద్ద డీజిలు ఇంజన్లు కొని, బిగించి, పడవని సరిచెయ్యడానికి తొంభై వేలు. పడవ ఖరీదే అందులో సగం లేదు. "పెట్టిన డబ్బు తిరిగి రావడానికి 45 ఏళ్ళు. నాకు 55. సరిగ్గా నూరేళ్ళు నిండుతాయి!" అని నవ్వాడు. ఆ నవ్వులో నవ్వు లేదు.

వ్యాపారంగా చూస్తే ఆ లెక్కకి తిరుగు లేదు. రోజూ తిరిగే చేపల పడవకీ, బల్లకట్టుకీ డీజిలు రెండు మూడేళ్ళలో గిట్టుబాటవుతుందేమో గానీ, ఏడాదికి అరవై గంటలు తిరిగే షోకు పడవకి ఎప్పటికీ కాదు. అందుకే పాత పెట్రోలు పడవలవాళ్ళు చాలామంది ఈ లెక్క ఒకసారి కట్టి, కాగితం మడిచి లోపల పెట్టుకుంటారు.

డీజిలు అంత క్షేమం ఎందుకో నాకు తెలిసినంతలో చెబుతాను. పెట్రోలు చలికాలంలో కూడా ఆవిరై రవ్వ అందుకుంటుంది. డీజిలు యాభై డిగ్రీల పైన వేడెక్కితే గానీ అంటుకునేంత ఆవిరి ఇవ్వదు. మరి ఇంజనులో ఎలా మండుతుందీ అంటే, సైకిలు పంపు కొట్టేటప్పుడు దాని అడుగు చెయ్యి కాలేంత వేడెక్కుతుంది చూడండి, అదే రహస్యం. గాలిని ఇరవయ్యో వంతుకి అణిచేస్తే అది నిప్పులా కాగుతుంది. అందులోకి డీజిలు చిమ్మితే దానంతటదే మండుతుంది. రవ్వ అక్కర్లేదు, స్పార్కు ప్లగ్గు అక్కర్లేదు. ఈ కిటుకు కనిపెట్టి 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గులో ఇంజను నడిపించి చూపించినవాడు రుడాల్ఫ్ డీజిల్. 1912లో డెన్మార్కువాళ్ళ సెలాండియా అనే ఓడ, పొగగొట్టమన్నదే లేకుండా, ఆయన ఇంజన్లతో కోపెన్‌హాగన్ నుంచి బ్యాంకాక్ దాకా వెళ్ళింది. ఆ మరుసటేడు, 1913 సెప్టెంబరు 29 రాత్రి, ఆయన ఇంగ్లండు వెళుతూ ఓడలోంచి మాయమైపోయాడు. పది రోజుల తర్వాత శవం దొరికింది. పడిపోయాడో, దూకాడో ఈనాటికీ తేలలేదు. ఆయన ఎక్కింది ఆవిరి ఓడ. ఈ కథ మాత్రం అన్నయ్య వదినకి చెప్పలేదు, తెలివి తెచ్చుకుని.

లెక్క అలా మూలపడి ఉండగా ఆ ముసలి మెకానిక్కు ఒక మాటన్నాడు. "అంత పెద్ద ఇంజన్లు ఎందుకూ? వేగం వదులుకోగలిగితే పని సగంలో అయిపోతుంది."

దానికో సూత్రం ఉందిట. పడవ నీళ్ళ మీదకి ఎక్కకుండా నీళ్ళలోనే సాగిపోతే, నీటిని తాకే పొడుగుని బట్టి దానికొక సహజమైన వేగం ఉంటుంది. ఆ పొడుగు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో హెచ్చవేస్తే నాట్లలో వేగం వస్తుంది. వశిష్ఠకి అది ఏడు నాట్ల పైచిలుకు. ఆ వేగానికి 540 గుర్రాలు దండగ. ఒక్కొక్కటి 75 గుర్రాల చిన్న డీజిలు ఇంజన్లు రెండు చాలు. గంటకి పది పన్నెండు లీటర్లతో గడిచిపోతుంది. "కానీ మళ్ళీ ఎప్పటికీ ఎగరదు" అన్నాడట మెకానిక్కు.

ఏడు నాట్లంటే గంటకి పదమూడు కిలోమీటర్లు. మా ఊళ్ళో పోస్టుమాను సైకిలు వేగం.

అన్నయ్య రెండు నెలలు ఏమీ తేల్చలేదు. డబ్బు గురించి కాదని నాకు తెలుసు. ఒక రాత్రి, అక్కడ తెల్లవారుజామున, నాకు ఫోను చేసి, "అమ్మడూ, ఆ రాత్రి అమ్మ ఏమందో నీకు చెప్పానా?" అన్నాడు. చెప్పలేదన్నాను. "తెడ్లు వేసేవాళ్ళని తొందర పెట్టకురా, భయంగా ఉంది, మెల్లగా పోనీమను అంది. నేను వినలేదు. తొందర పెడుతూనే ఉన్నాను."

నేనేమీ అనలేదు. ఆ వారంలోనే బయానా ఇచ్చాడు.

ఇంజను మార్చడమంటే బల్బు మార్చడం లాంటిదని ఎవరైనా అనుకుంటే వాళ్ళని ఆ 2023–24 శీతకాలం ఆ షెడ్డుకి పంపించాల్సింది. పడవని పట్టీలతో ఎత్తి గట్టు మీద దిమ్మలపై నిలబెట్టారు. నాలుగు వందల కిలోల పైచిలుకున్న పాత ఇంజన్లు గది తలుపులోంచి రాకపోతే తలుపు ద్వారబంధమే ఊడదీశారు. కొత్త ఇంజన్ల కాళ్ళ మధ్య దూరం వేరు గనక కింద దూలాలు మళ్ళీ కట్టారు. డీజిలు ఇంజను నెమ్మదిగా, బలంగా తిప్పుతుంది గనక గేరు పెట్టెలు మారాయి. వాటితో ప్రొపెల్లర్లూ మారాయి. పెట్రోలుకి ట్యాంకు నుంచి ఇంజనుకి ఒక్క గొట్టం చాలు. డీజిలు ఇంజను తనకి చాలినంత వాడుకుని మిగిలింది వెనక్కి పంపుతుంది. కాబట్టి ట్యాంకులు కడిగి, వెనక్కి వచ్చే దారి ఇంకొకటి వేశారు. అడుగున నీరు చేరితే డీజిలులో పాచిలా సూక్ష్మజీవులు పెరుగుతాయట. అందుకని నీటిని వేరుచేసే వడపోతలు. చక్రాల వేగం చూపించే మీటరు కూడా పనికిరాలేదు. అది లెక్కపెట్టేది నిప్పురవ్వల్ని. ఇక రవ్వలెక్కడివీ! కొత్తవి తేలిక గనక పడవ వెనక భాగం పైకి తేలుతుందని సీసపు దిమ్మలు వేసి తూకం సరిచేశారు. కరెంటు కోసం ఉన్న చిన్న పెట్రోలు జనరేటరుని కూడా పీకించింది వదిన. అది ఉంచేస్తే ఇల్లంతా అలికి గుమ్మం వదిలేసినట్టే కదా!

పాత ఇంజన్లని ఎవరో చేపలు పట్టుకునే ఆయన కొనుక్కున్నాడు. గొట్టాలన్నీ కొత్తవి వేసుకుంటానని ఆయన చేత మాట తీసుకుంటే గానీ వదిన వాటిని షెడ్డు దాటనివ్వలేదు.

అంతా కలిపి మొదటి లెక్కలో సగానికి కాస్త పైన తేలింది. ఆ డబ్బుతో రిటైరయ్యాక రెండేళ్ళ ఖర్చు గడిచేదని అన్నయ్యకీ తెలుసు, వదినకీ తెలుసు. ఇద్దరూ ఆ సంగతి నా దగ్గర విడివిడిగా కాక, ఒకే ఫోనులో పక్కపక్కన కూర్చుని చెప్పారు.

2024 అక్టోబరులో మళ్ళీ వెళ్ళాను. ఒడ్డున చెట్లన్నీ పసుపూ కుంకుమా ఆరబోసినట్టున్నాయి. అన్నయ్య తాళం తిప్పగానే "డబ డబ డబ డబ"మని మొదలైంది చూడండి, నాకు ఒళ్ళు జల్లుమంది. అచ్చం నర్సాపురం రేవులో చప్పుడే! "దీనికోసమా నలభై ఏళ్ళు తిరిగి అమెరికా వచ్చాను" అన్నాడు అన్నయ్య.

డీజిలుకి మంగళహారతులు పాడుతున్నాననుకోకండి. ఆ చప్పుడుకి గదిలో మాట వినబడదు. గ్లాసులు వణుకుతాయి. వాసన బట్టలకి పట్టుకుంటే రెండు ఉతుకులకి గానీ వదలదు. పొగలో మసి ఉంటుంది. కాగిన గొట్టం మీద పడితే డీజిలు కూడా మండుతుంది, అందుకు వేరే జాగ్రత్తలున్నాయి. వశిష్ఠ వెనక వేలాడే చిన్న పడవ మోటారుకి ఇంకా పెట్రోలే. ఆ డబ్బాని మాత్రం వదిన లోపలికి రానివ్వదు. వెనక బయట అరుగు మీద, అంటరాని చుట్టంలా గాలికి కూర్చుని ఉంటుంది.

ఇదివరకు గంటన్నరలో వెళ్ళే చోటికి ఆ రోజు నాలుగు గంటలు పట్టింది. దారిలో వదిన చేగోడీలు తీసింది. ఒడ్డున కొంగల్ని చూపించింది. ఆ పడవలో అన్ని కొంగల్ని నేను ఇదివరకు చూడలేదు. మా పక్కనుంచి ఎవరిదో పెద్ద పడవ నీళ్ళు చిమ్ముకుంటూ దూసుకుపోయింది. అన్నయ్య తల తిప్పి అది కనుమరుగయ్యేదాకా చూశాడు. మేం చూడనట్టు కూర్చున్నాం.

సాయంత్రం ఒక ఏటి పాయలో లంగరు వేశాం. వదిన చారు పెట్టింది. భోజనాలయ్యాక తివాసీ తీసి, మూత ఎత్తి, వంగి వాసన చూసింది. "ఛీ, డీజిలు కంపు" అంటూ మూత వేసి, ముందు గదిలోకి వెళ్ళి పడుకుంది. ఆ పడవలో ఆవిడ రాత్రి పడుకోవడం ఎనిమిదేళ్ళలో అదే మొదటిసారి.

నేనూ అన్నయ్యా వెనక అరుగు మీద కూర్చున్నాం. చలి మొదలైంది. నీళ్ళ మీద ఎక్కడా అల లేదు.

"రేపు ఎనిమిదింటికల్లా బయల్దేరాలి. లేకపోతే భోజనాల వేళకి ఇంటికి చేరలేం" అన్నాడు.

"పాత ఇంజన్లయితే పదిన్నరకి బయల్దేరేవాళ్ళం, కదూ?" అన్నాను.

"ఆఁ. పదిన్నరకి" అన్నాడు. కాసేపాగి, "ఆ పరుగు గుర్తొస్తూనే ఉంటుందనుకో" అన్నాడు.

అంతలో ముందు గది కిటికీలోంచి సన్నగా గురక మొదలైంది. అన్నయ్య మాట్లాడుతున్నవాడల్లా ఆగి విన్నాడు. లేచి వెళ్ళి, చప్పుడు కాకుండా ఆ కిటికీ సగం మూసి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"పొద్దున్న గురక సంగతి ఎత్తకే. ఒప్పుకోదు" అన్నాడు.